చదివావా, అంటించనా

డిపో వీధి
వాన వెలిసిన సాయంత్రం

అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు తగ్గాయి. డిపోలో బొగ్గు తడిసి బరువెక్కింది. కొనేవాళ్లు తూకం దగ్గర గొడవపడుతున్నారు. ఆరేదాకా అమ్మొద్దని యజమానికి చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇంటి కప్పు ఒక మూల కారింది. సరిచేశాను. పొయ్యికి ఎడమవైపు అంచు విరిగింది. మట్టి తెచ్చి నేనే మెత్తాను. నీ చేతి నునుపు రాలేదు. నువ్వు తడిగుడ్డ తిప్పినట్టే తిప్పాను, గీతలు పడ్డాయి. నీ మరదలు చూసి పెదవి విరిచింది.

ఆమెకి కొంచెం దగ్గు. వాతావరణం మారింది కదా.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి. మేనకోడలినీ అల్లుడినీ అడిగానని చెప్పు. ఇంకేమీ లేదు.

నీ తమ్ముడు

*

కూతురింట్లో, మూడో అంతస్తు
మబ్బు పట్టిన మధ్యాహ్నం

ఒరేయ్ మసిగాడా,

నీ ఉత్తరం అందింది. నీ మేనకోడలు కింది నుంచి తెచ్చిచ్చి, "మామయ్య రాశాడమ్మా, లోపల కాగితం ఉందో లేదో చూసుకో" అంది. అంత తేలిగ్గా ఉందట. ఉండదా మరి? నువ్వు రాసేది ఉత్తరంలా ఉండదు, రోజూ రాసుకునే పద్దులా ఉంటుంది. వాన పడింది, బొగ్గు తడిసింది, కప్పు కారింది, పెళ్లాం దగ్గింది. ఆ పిల్లనీ బొగ్గు బస్తానీ ఒకే వరసలో పెట్టేశావు కదరా! ఆమె కంటపడితే గరిటె తిరగేస్తుంది.

పొయ్యి సంగతి చదివి నవ్వుకున్నాను. మెత్తే మట్టిలో జల్లించిన బూడిద కలపాలి. పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చూశావు! చూసేవాడివి కాదులే. నీ కళ్లెప్పుడూ కాగితాల మీదే.

గుర్తుందా? అమ్మ పోయాక వంటిల్లు నా చేతికొచ్చిన కొత్త. పొయ్యి అంటించడానికి నాన్న డిపో నుంచి పాత పేపర్లూ పొట్లం కాగితాలూ సంచిలో తెచ్చేవాడు. నిన్ను బడికి పంపే స్తోమత లేదు. నువ్వు ఆ సంచి ముందు చతికిలబడి ఒక్కో ముక్కా తీసి కూడబలుక్కునేవాడివి. నేను అగ్గిపుల్ల గీసి పట్టుకుని, "చదివావా? అంటించనా?" అనేదాన్ని. "ఆగక్కా, ఇంకొక్క వరస" అనేవాడివి. ఆ వరస అయ్యేలోపు పుల్ల నా వేలిదాకా కాలేది. ఇంకోటి గీసేదాన్ని. "అగ్గిపెట్టెలు తింటున్నావా ఏమిటే?" అని నాన్న అరిచేవాడు. "పుల్లలు చెమ్మగిల్లాయి నాన్నా" అనేదాన్ని. నడి ఎండాకాలంలో కూడా అదే చెప్పేదాన్ని. పాపం, నమ్మేవాడు.

ఒకసారి ఏదో కథ సగం ముక్క దొరికింది. రాజుగారి కూతురు బావిలో పడింది, అక్కడితో కాగితం అయిపోయింది. మిగతా సగం అప్పటికే పొయ్యిలో ఉంది. ఎంత ఏడ్చావురా! రొట్టెలు కాలుస్తూ మిగతా కథ నేనే అల్లి చెప్పాను. ఆ పిల్ల ఈదుకుంటూ పైకొచ్చేసిందన్నాను. "బావిలో ఈదితే పైకెలా వస్తుంది?" అన్నావు ముక్కు తుడుచుకుంటూ. అప్పుడే లెక్కల మనిషివి.

ఇక్కడి వంటిల్లు తెల్లగా ఉంటుంది. మీట తిప్పితే నీలం మంట వస్తుంది. చిటపటలు లేవు, వాసన లేదు. ఎవరింట్లోనో నిలబడ్డట్టుంటుంది నాకు.

అమ్మ ఉన్ని శాలువా ఇంకా పొయ్యి పక్క మేకుకే ఉందా? ఉంటే పంపించు. ఉతక్కు. ఆ పొగ వాసన పోతే అది అమ్మది కాదు. ఈ మధ్య అమ్మ ముఖం సరిగా గుర్తురావడం లేదురా. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే వస్తుంది.

నేను బాగానే ఉన్నాను. మెట్లు దిగడం మానేశాను, బద్ధకం.

మరదల్ని రెండు ముక్కలు రాయమను. ఆ పిల్ల మాటలు వింటే నాకు కడుపు నిండుతుంది. మీ పెళ్లిలో, ఈ మూగవాడికి ఈ వసపిట్టని కట్టబెట్టారేమిటని అందరూ నవ్వారు గుర్తుందా?

అక్క

*

డిపో వీధి
చలి మొదలైంది

అక్కకి,

శాలువా పంపాను. ఉతకలేదు. దులిపాను, అంతే. పురికొసతో గట్టిగా కట్టి చిరునామా రెండువైపులా రాశాను.

నీ మరదలు రాయనంది. పని ఉందట. ఈ మధ్య ఆమె మాటలు తగ్గించింది. ఇల్లు ప్రశాంతంగా ఉంటోంది. తినడానికి పిలవాలంటే గరిటెతో గిన్నె మీద ఒక దెబ్బ కొడుతుంది. బొగ్గు కావాలంటే రెండు దెబ్బలు. నేను లేచి వెళ్తాను. నువ్వు చెప్పిన వసపిట్టని ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. ఇన్నేళ్లకి మా ఇద్దరికీ కుదిరింది.

ఆరోగ్య కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా వీధిలో ప్రతి వంటింట్లోనూ గాలి కొలుస్తోందట. చిన్న పెట్టె తెచ్చి, శాలువా తీసేసిన మేకుకి తగిలించింది. పొయ్యి అంటించమంది. నీ మరదలు అంటించింది. పెట్టెలో అంకెలు పెరుగుతూ పోయి ఒక చోట ఆగిపోయాయి. అమ్మాయి దాన్ని తీసి తట్టింది. "చెడిపోయిందా?" అన్నాను. "లేదు పెద్దాయనా. ఇంతకంటే ఎక్కువ ఇది చూపించలేదు" అంది. మా పొయ్యి ముందు ఆ పెట్టె ఓడిపోయిందన్నమాట. డిపోలో చెప్తే అందరూ నవ్వారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. బొగ్గు మానేసి గ్యాస్ పొయ్యి పెట్టుకోమంది. ఆంటీకి ఊపిరితిత్తుల పరీక్ష చేయించమంది. "మా అమ్మ కట్టిన పొయ్యి ఇది, మా అక్క వండిన పొయ్యి. మీ పెట్టె కంటే చాలా పెద్దది వయసులో" అన్నాను. నేను అంత పొడుగు మాట మాట్లాడటం చూసి నీ మరదలు తెల్లబోయింది.

శాలువా అందగానే రాయి.

నీ తమ్ముడు

*

ఆస్పత్రి, కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

మసిగాడా అని మొదలుపెట్టలేదని కంగారుపడకు. ఇప్పుడు తేరుకున్నాను. ఈ ఉత్తరం కొంచెం కొంచెంగా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే. ఇన్నాళ్లూ జవాబు రాయనిదీ అందుకే.

శాలువా అందింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని, పురికొస విప్పి, ముఖం నిండా కప్పుకున్నాను. ఒరేయ్, అమ్మ వచ్చేసింది. ఆమె మెడ దగ్గర చెమట, తడి జుట్టు, నన్ను ఒళ్లోకి లాక్కునేటప్పుడు మోచేతి గరుకు, అన్నీ వచ్చాయి. వదలబుద్ధి కాలేదు. ఇంకా గట్టిగా పీల్చాను. ఆ తర్వాత లోపలికి పోయిన ఊపిరి బయటికి రాలేదు. మా అమ్మాయి వచ్చేసరికి నేను నేల మీద ఉన్నానట.

నీకు దాచిన సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు ఊపిరితిత్తుల జబ్బు. ఇప్పుడు వచ్చింది కాదు, చాన్నాళ్లుగా ఉంది. మెట్లు మానేసింది బద్ధకంతో కాదు. మొదటిసారి చూపించుకున్నప్పుడు డాక్టరు నా ఛాతీ ఫొటో వెలుతురుకి పెట్టి చూసి, "ఎన్నాళ్లు తాగారమ్మా సిగరెట్లు?" అన్నాడు. అల్లుడు పక్కనే ఉన్నాడు, సిగ్గుతో చచ్చాను. "జన్మలో ముట్టలేదు బాబూ" అన్నాను. "మరి వంట దేని మీద?" అన్నాడు. చెప్పాను. ఆయన అది రాసుకున్నాడు.

నీకు రాస్తే నువ్వు ఊరికే కుమిలిపోతావని మానేశాను. నువ్వు శాలువా పంపావని కూడా కుమిలిపోకు. అడిగింది నేను, ఉతకొద్దన్నది నేను.

కానీ నీ ఉత్తరం ఇక్కడ మంచం మీద మళ్లీ చదివాను. గరిటె దగ్గర ఆగిపోయాను. నేను కూడా ఇంట్లో చెంచాతో గ్లాసు మీద కొట్టి అమ్మాయిని పిలిచేదాన్ని. "అమ్మ మహారాణి అయిపోయింది, గంట కొట్టి పిలుస్తోంది" అని వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. పిలవడానికి ఊపిరి చాలక కొడుతున్నానని చెప్పలేదు.

మరదలు ఎందుకు కొడుతోందో అడిగావా?

పొయ్యి రాజేశాక దగ్గు ఎక్కువవుతుందా? నీళ్ల బిందె తెచ్చేటప్పుడు మధ్యలో దించుతోందా? పడుకుని నిద్రపోతోందా, గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోతోందా? చూసి రాయి. నా మీద ఒట్టు, డిపో సంగతులు రాయకు.

అక్క

*

డిపో వీధి

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. శాలువా చుట్టిన చేతులు నావే. దాని గురించి ఇంకేమీ రాయలేను.

నువ్వు అడిగినవాటికి జవాబు. అవును. దించుతోంది. కూర్చునే నిద్రపోతోంది.

గోడకి ఆనుకుంటే నడుముకి హాయిగా ఉందని చెప్పింది. నేను దిండు తెచ్చి వెనక పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఆమె పట్టకారు చేత్తో పట్టుకుని విన్నది. "వదిన..." అని ఆగింది. కాసేపటికి "దొంగ" అంది. మళ్లీ ఆగి, "ఇన్నాళ్లూ చెప్పలేదు" అంది. ఆ నాలుగు మాటలకి మధ్యలో ఎంత ఖాళీ ఉందో అప్పుడు విన్నాను. రోజూ అలాగే మాట్లాడుతోంది. నేను వినలేదు.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను.

"పిలిస్తే... ఎప్పుడైనా వచ్చారా? గిన్నె మీద కొడితే... ఠక్కున వస్తున్నారు. అదే బాగుందనుకున్నా" అంది. నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

ఆమె నాలా మారిందనుకున్నాను అక్కా. మౌనం నచ్చిందనుకున్నాను. లోలోపల సంతోషించాను కూడా.

ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఒక గొట్టంలోకి ఊదమన్నారు. పొయ్యి ముందు ఇన్నేళ్లు గొట్టం ఊదిన మనిషి, ఆ గొట్టంలోకి ఊదలేకపోయింది. పోయింది తిరిగి రాదన్నారు. పొగ మానేస్తే మిగిలింది నిలుస్తుందన్నారు.

గునపం తెచ్చాను. పొయ్యి ముందు నిలబడ్డాను. మళ్లీ తీసుకెళ్లి పెరట్లో పెట్టేశాను.

నువ్వు కోప్పడతావు. నాకు బడి లేదు అక్కా. పలక లేదు, పంతులు లేడు. నాకున్న నాలుగు అక్షరాలు ఆ పొయ్యి నోటి దగ్గర వచ్చాయి. డిపోలో నన్ను కూర్చోబెట్టి లెక్కలు రాయమన్నారంటే దాని వల్లే. ఇప్పటికీ పొయ్యిలో పెట్టే ప్రతి కాగితమూ చదివాకే పెడతాను. దాని మీద గునపం వేయడానికి చెయ్యి రాలేదు.

కిటికీ పెద్దది చేయిస్తాను. కప్పుకి పొగగొట్టం పెట్టిస్తాను. బొగ్గు తగ్గిస్తాను. పొయ్యిని ఉండనివ్వు.

నీ తమ్ముడు

*

కూతురింట్లో, మూడో అంతస్తు

ఒరేయ్,

ఇంటికొచ్చాను. అల్లుడూ పక్కింటాయనా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులూ మోశారు. పెళ్లికూతుర్నైనా ఇంత జాగ్రత్తగా మొయ్యరు. ముక్కుకి సన్నటి గొట్టం పెట్టారు. మంచం పక్కన గాలి యంత్రం గురక పెడుతూ ఉంటుంది. మీ బావ గురకలాగే. అలవాటైపోయింది.

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. కోపం రావడానికి కూడా ఊపిరి కావాలిరా, అందుకని పోనిచ్చి మళ్లీ రాస్తున్నాను.

పొయ్యి నీకు చదువు చెప్పలేదు. అది కాగితాలు తినేది. నీ చేతిలో ముక్క ఎప్పుడు జారుతుందా అని నోరు తెరుచుకుని కూర్చునేది. దాన్ని ఆపింది నేను. వేళ్లు కాల్చుకుని, నాన్నకి అబద్ధాలు చెప్పి ఆపాను. రాజుగారి కూతుర్ని అది సగం తినేస్తే, మిగతా సగం చెప్పింది నేను. నీ బడి నేనే. ఆ బడి ఇక్కడ మంచం మీద ఉంది.

అమ్మ ఎలా దగ్గేదో నీకు గుర్తుండదు, పసివాడివి. నాకు గుర్తుంది. చలి అన్నారు. నీరసం అన్నారు. దిష్టి అన్నారు. చివర్లో ఆమె కూడా నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, నేల మీద అరచేత్తో కొట్టేది. మొన్న శాలువా కప్పుకున్నప్పుడు అదే గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా అది అమ్మ వాసన అనుకున్నాను. అమ్మని తీసుకెళ్లిన దాని వాసన అది.

ఆ పొయ్యి అమ్మని తీసుకుంది. నన్ను సగం తీసుకుంది. మూడో మనిషిని నువ్వు ఇవ్వకు.

కిటికీలూ గొట్టాలూ అని నాతో బేరాలాడకు. ఇది తూకం కాదు, కాటా ఇటు కాస్త అటు కాస్త మొగ్గడానికి. అమ్మ కట్టిందంటావు, నేను వండానంటావు. అమ్మ లేదు కాబట్టి పెద్దదాన్ని నేను చెప్తున్నాను. కొట్టెయ్.

అక్క

*

డిపో వీధి
ఎండగా ఉంది

అక్కకి,

కొట్టేశాను.

మొదటి దెబ్బ పైపైన తగిలింది. అంచు ఊడింది, నేను ఈ మధ్య మెత్తిందే. రెండో దెబ్బకి నువ్వు మెత్తిన పొర వచ్చింది. దాని కింద ఇంకో పొర, ఎర్రమట్టి. అది అమ్మదనుకుంటా. అక్కడ ఆగిపోయాను. వెనక నుంచి నీ మరదలు వచ్చి, "ఇటివ్వండి" అని గునపం లాక్కోబోయింది. ఎత్తే ఓపిక ఆమెకి లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి అలాగే గునపం మీద ఉంచి కొట్టాను. ఆ తర్వాత తేలిగ్గానే పడిపోయింది. ఇంత చిన్నదా అనిపించింది. మట్టంతా ఒక్క తోపుడుబండిలో సరిపోయింది.

గ్యాస్ పొయ్యి వచ్చింది. డిపోలో ఒకటే వేళాకోళం. "మిఠాయి కొట్టులో కూర్చుని ఉప్పు తింటున్నాడురా" అని యజమాని అన్నాడు. నేను మామూలుగా ఊరుకునేవాణ్ణే. ఆ రోజు మాత్రం, "మీ ఇంట్లో దగ్గేది ఎవరు?" అని అడిగాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చి గ్యాస్ ఎక్కడ రాయించావని అడిగాడు.

గోడకి సున్నం వేశాను. మసి లోపల నుంచి పసుపుగా ఊరుతోంది. మళ్లీ వేశాను, మళ్లీ ఊరింది. ఇంకోసారి వేస్తాను. మేకు ఊడబీకలేదు, క్యాలెండరు తగిలించాను.

మొదట్లో ఆమెలో నాకు ఏ మార్పూ కనిపించలేదు. రోజూ చెవి ఒగ్గి కూర్చునేవాణ్ణి. గిన్నె మోగేది, వెళ్లేవాణ్ణి. ఈ రోజు పొద్దున పేపరు చదువుకుంటున్నాను. గిన్నె మోగలేదు. ఆమె గొంతు వినిపించింది. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏవండీ, ఇంట్లో ఉన్నారా, పేపర్లో కలిసిపోయారా? టీ చల్లారిపోయి ఎంతసేపయింది! ఆ సున్నం బకెట్టు గుమ్మంలోనే పెట్టారు, ఎవరి కాళ్లు విరగాలని?"

మధ్యలో ఒక్కసారే ఆగింది. బకెట్టు దగ్గర.

నేను వెంటనే లేవలేదు. ఇంకా ఏమైనా అంటుందేమోనని కూర్చున్నాను. అంది. ఆ రెండోది ఉత్తరంలో రాసేది కాదు.

ఒక్కటే వెలితి. అంటించే పని లేదు కాబట్టి కాగితాలు పోగుపడుతున్నాయి. పొట్లం కాగితాలు చదివి పక్కన పెడుతున్నాను. చదివావా అని ఎవరూ అడగడం లేదు.

నీ తమ్ముడు

కింద నీ మరదలు రాస్తోంది:
వదినా, ఈయన అక్షరాలన్నీ నల్లచీమల్లా ఉన్నాయి, నా చోటంతా తినేశారు. మీరు దాచినందుకు మీతో పోట్లాడాల్సింది చాలా ఉంది. నేను వచ్చేదాకా ఉండండి. నేను ఆగి ఆగి తిడతాను, మీరు ఆగి ఆగి జవాబివ్వండి. మనిద్దరికీ తొందరేముంది.

*

కూతురింట్లో, మూడో అంతస్తు

ఒరేయ్ మసిగాడా,

ఇంక ఆ పేరు చెల్లదేమో. అయినా పిలుస్తాను.

మరదల్ని తీసుకుని రా. నాకు కబుర్లు కావాలి. రాసినవి కాదు, వినేవి. డాక్టరు నాకు పెద్ద మాటలేమీ చెప్పడం లేదు. నేనూ అడగడం లేదు. కిటికీ పక్క కూర్చోబెడితే వీధి కనిపిస్తుంది, అది బాగుంది.

శాలువా అమ్మాయి ఉతికేసింది. నన్ను అడగలేదు, మంచి పని చేసింది. ఉతికిన ప్రతిసారీ నీళ్లు టీ రంగులో వచ్చాయట. పిట్టగోడ మీద ఆరేసి ఎండ వాసనతో తెచ్చి నా కాళ్ల మీద కప్పింది. ముఖం దాకా లాక్కుని చూశాను. అమ్మ రాలేదు. కానీ వెచ్చగా ఉందిరా. ఇది కూడా అమ్మదే కదా, చలికి వేసుకోవడానికే కదా కొనుక్కుంది.

ఎవరూ అడగడం లేదన్నావు. అప్పట్లో నేను అడిగింది నువ్వు గబగబా చదవాలని కాదు. నా వేలు కాలేదిరా, అందుకని. ఆగక్కా ఆగక్కా అని నువ్వు ఎప్పుడూ చివరి వరస మింగేసేవాడివి. ఎన్ని చివరి వరసలు పొయ్యిలో పోయాయో నీకు.

ఈ ఉత్తరం తాపీగా చదువుకో. ఇంకొక్క వరస, ఇంకొక్క వరస అనుకుంటూ చదువు. నా చేతిలో అగ్గిపుల్ల లేదు.

అక్క